పెరడున్న ఇల్లు అద్దెకు తీసుకునే ముందు

చి.ల.సౌ. శ్రావణికి పెద్దమ్మ ఆశీస్సులు.

సైనిక్‌పురిలో పెరడున్న ఇల్లు చూశారనీ, ఈ వారంలోనే అడ్వాన్సు ఇవ్వబోతున్నారనీ మీ అమ్మ చెప్పింది. అపార్ట్‌మెంటు బాల్కనీలో తులసి కుండీ పెట్టుకుని మట్టి కోసం మొహం వాచిన దానివి, నీకు ఇన్నాళ్లకు నాలుగు చెట్లున్న ఇల్లు దొరికిందంటే నాకెంత సంతోషమో చెప్పలేను. కానీ ఇంటివారు "తోట ఖర్చు సంగతి తర్వాత చూసుకుందాం లెండి" అన్నారట, మీరు తల ఊపి వచ్చారట. అదేం పని? ఉద్యోగంలో పైసా తేడా వస్తే ఊరుకోని దానివి!

పెరడంతా ఫొటోలు తీసి, తాళాలు తీసుకునే రోజునే ఇంటివారికి పంపు. బోరు మోటారు ఏ మీటరు మీద తిరుగుతుందో చూసుకో. తోటమాలి జీతం ఎవరిదో అడుగు. పదకొండు నెలల అగ్రిమెంటే కదా అని బజారులో దొరికే అచ్చు కాగితం మీద సంతకం పెట్టకు. వాటిలో ఫ్యాన్లూ ట్యూబులైట్లూ లెక్క రాసి ఉంటాయి, చెట్ల ఊసే ఉండదు.

ఇక మీ పెదనాన్నగారి సంగతి. మేము రాజమండ్రిలో ఉన్న ఇల్లు నీకు గుర్తుండదు, నువ్వప్పటికి పుట్టలేదు. వెనక మూడు కొబ్బరిచెట్లు, ఒక మామిడి, మిగిలినదంతా పిచ్చిమొక్కలు. ఇంటి యజమాని, ఈయన అన్నదమ్ముల్లా మెలిగేవారు. ఆ చనువుతో ఈయన ఒక ఆదివారం కడియం నర్సరీలకు వెళ్లి గులాబీలు, సపోటా అంటు, మల్లె తీగలు తెచ్చారు. ట్రాక్టరుతో ఎర్రమట్టి తోలించారు. వెదురు తడిక కట్టించారు. ఆ నెల అద్దెలో ఆ ఖర్చంతా మినహాయించుకుని మిగిలింది కవరులో పెట్టి ఇచ్చి వచ్చారు. ముందు ఒక మాట అడగలేదు, ఒక చీటీ రాయలేదు. అదేమని నేనంటే, "తోట బాగుపడితే ఆయన ఇంటికే కదా లాభం" అన్నారు.

ఆ పెద్దమనిషి అప్పుడేమీ అనలేదు. అనకపోవడమే కొంప ముంచింది. కొబ్బరి దింపు తీయించి కాయలన్నీ తన ఇంటికి పంపించుకుని, కూలి మాత్రం మమ్మల్ని ఇవ్వమన్నాడు. వేసవి సెలవులకు మేము అమలాపురం వెళ్లి వచ్చేసరికి నీళ్లు లేక మల్లె ఎండిపోయింది. తోట పాడు చేశామన్నాడు. బదిలీ అయి ఇల్లు ఖాళీ చేసే రోజు పొద్దున్నే మీ పెదనాన్నగారు గునపం తీసుకుని తన గులాబీలన్నీ పెకలించేశారు. పెరడంతా గోతులు. ఇంటి యజమాని వాటిని చూపించి అడ్వాన్సులో కోత పెట్టాడు. తర్వాత ఆ ఇంట్లో ఆడపిల్ల పెళ్లయితే మాకు శుభలేఖ కూడా రాలేదు. ఆ పిల్లకు నేను జడలు వేసేదాన్ని.

ఆ తర్వాత ఒక వకీలు చెబితే తెలిసింది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 108వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందమేమీ లేకపోతే, అద్దెకున్నవాళ్లు తాము నాటిన మొక్కలను తీసుకుపోవచ్చు. అయితే ఇల్లు అప్పగించక ముందే తీసుకోవాలి, నేలను మొదట ఎలా ఉందో అలా వదలాలి. అంటే గులాబీలు మావే, గోతులు పూడ్చే బాధ్యత కూడా మాదే! అద్దెలో మినహాయింపు మాటా అందులో ఉంది: యజమాని చేయించి తీరవలసిన మరమ్మతు, అదీ ఆయనకు తెలియజేసి గడువిచ్చినా చేయించకపోతేనే. గులాబీలు మరమ్మతు కిందికి ఎలా వస్తాయి?

కేంద్రం 2021లో ఇచ్చిన నమూనా అద్దె చట్టంలో, అద్దెకున్నవాళ్లు వాడుకునే తోట నిర్వహణ వాళ్లదేనని పట్టికలో రాశారు. అది నమూనాయే, రాష్ట్రం తన చట్టంగా తెచ్చుకుంటేనే చెల్లుతుంది. అయినా మీ ఇంటి యజమాని దాన్ని చూపించవచ్చు. అందుకే "నిర్వహణ" అన్న ఒక్క మాటతో సరిపెట్టనివ్వకు. నీళ్లు, కలుపు, ఎరువు, చిన్న కత్తిరింపులు మీవి. ముందునుంచీ ఉన్న పెద్ద చెట్లు, బోరు, ప్రహరీ ఆయనవి. కాయలెవరివో కూడా రాయించు. మీ పెరట్లోని వేపచెట్టు కొట్టాలనుకుంటే వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల రక్షణ చట్టం) కింద అనుమతి కావాలి. ఆ దరఖాస్తు ఆయన పెట్టుకోవాలి, మీరు గొడ్డలి పట్టవద్దు.

అన్నిటికంటే ముందు మీ పెరట్లోని కొబ్బరిచెట్టు సంగతి తేల్చు. నవ్వకు. 1996 నవంబరు తుఫానులో కోనసీమ కొబ్బరి ఎలా కూలిందో చూసిన కళ్లివి. గాలి లేని రోజున కూడా ఎండుమట్ట ఊడి పడుతుంది, కాయ చెప్పి రాలదు. బుజ్జిగాడు దాని కిందే ఆడతాడు. మీరు దిగే ముందే ఇంటివారి ఖర్చుతో మట్టలు కొట్టించి, దింపు తీయించమను. మళ్లీ ఎన్ని నెలలకు తీయించాలో కూడా రాయించు. దీనికి ఒప్పుకోకపోతే ఆ ఇల్లు వద్దు తల్లీ. ఇంకొకటి దొరుకుతుంది.

రేపు మాట తేడా వస్తే అద్దె ఆపవద్దు. ఎదురుగా కూర్చుని మాట్లాడండి, ఒప్పుకున్నది రాసుకోండి. కుదరకపోతే కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. కేసు వేయకముందే లోక్ అదాలత్‌కు వెళ్లవచ్చు, కోర్టు ఫీజు ఉండదు. అక్కడ రాజీ పడితే కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు లేదు. అందుకని ఇద్దరూ బాగా ఆలోచించుకుని సంతకం పెట్టాలి.

అల్లుడుగారిని అడిగానని చెప్పు. మీ అమ్మ వచ్చేటప్పుడు మల్లె అంటు పంపిస్తాను. అగ్రిమెంటు అయ్యేదాకా దాన్ని కుండీలోనే ఉంచు.

పెద్దమ్మ