పుస్తకం రాకముందే ఇంట్లోకి గొడవ వచ్చింది

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. పెళ్లికి ముందు నుంచీ ఫాంటసీ నవలలు సేకరిస్తున్నాను. నాకు ప్రాణమైన సిరీస్‌లో చివరిసారిగా పుస్తకం వచ్చింది 2011లో. తర్వాతి భాగం కోసం కళ్లు కాయలు కాసేలా చూస్తున్నాను. ఆ రచయిత కొత్తగా ఏమైనా చెప్పాడేమోనని రోజూ రాత్రి ఫోన్‌లో వెతకనిదే నిద్ర పట్టదు. ఈలోగా ఉన్న భాగాలనే వేరే వేరే ఎడిషన్లలో కొంటూ ఉంటాను, మొదటి భాగమే మూడు రకాలుంది. మా ఆయన ఏమంటాడోనని పార్శిళ్లు ఆఫీసుకు తెప్పించుకునేదాన్ని, పోయిన నెల కార్డు బిల్లు చూసి గొడవ పెట్టాడు. మొన్న అంతకన్నా పెద్దదే అయింది. మా పదకొండేళ్ల పాప నేను లేనప్పుడు అందులో ఒకటి తీసి, కొంత చదివి, మంచం మీద బోర్లా తెరిచి పెట్టేసింది. నేను వచ్చి చూసేసరికి పుస్తకం వెన్ను మీద తెల్లటి గీతలు. గట్టిగా కేకలేశాను. అప్పటి నుంచి పాప నా అలమార దగ్గరికే రావట్లేదు. "నీకు పిల్ల కన్నా ఆ పుస్తకాలే ఎక్కువ" అన్నాడు మా ఆయన. ఇంతకాలం రాయకుండా కూర్చున్న ఆ రచయితకు ఘాటుగా ఒక మెయిల్ కూడా రాసి పెట్టుకున్నాను, పంపలేదు. ఇదేమైనా జబ్బా? ఇంకో మాట, కొత్తగా ఒక స్పెషల్ ఎడిషన్ వస్తోంది, ఆర్డర్లు త్వరలో ఆపేస్తారట. కొననా, వద్దా?

జవాబు: జబ్బేమీ కాదమ్మా. పుస్తకాల మీద పిచ్చి ఉన్నవాళ్లు చాలామంది ఇలాగే ఉంటారు, అందులోనూ సిరీస్ మధ్యలో ఆగిపోయినవాళ్లు ఇంకాస్త ఎక్కువ. కానీ మీ ఉత్తరంలో మూడు నాలుగు విషయాలు ఒకదాంట్లో ఒకటి చిక్కుపడి ఉన్నాయి, మీరేమో అన్నిటికీ కారణం ఆ రాని పుస్తకమే అన్నట్టు రాశారు. నాకలా అనిపించలేదు.

ముందు పాప సంగతి చూద్దాం, మిగతావి ఆగగలవు.

2011 అన్నారు కాబట్టి నా ఊహకు ఇద్దరు రచయితలు తగులుతున్నారు. జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ ప్రధాన సిరీస్‌లో (టీవీలో గేమ్ ఆఫ్ థ్రోన్స్‌గా వచ్చిన కథ) ఐదో భాగం వచ్చింది ఆ ఏడాదే, పాట్రిక్ రాత్‌ఫస్ సిరీస్‌లో రెండో భాగం వచ్చిందీ ఆ ఏడాదే. ఇద్దరి పాఠకులూ మీలాగే ఉసూరుమంటూ ఉన్నారు. మీది ఎవరి బాధో నాకు తెలీదు గానీ, మొదటాయన అయితే మాత్రం ఆ పుస్తకాలు పదకొండేళ్ల పిల్లకు అసలు తగవు, వాటిలో ఉన్న హింస, ఇతర విషయాలు మీకు నేను చెప్పక్కర్లేదు. ఇక్కడ నాకు ఆశ్చర్యం వేసిందేమిటంటే, పుస్తకం వెన్ను విరిగిందని మీరు కేకలేశారు, పిల్లను కేకలేశారని మీ ఆయన కోప్పడ్డాడు, అది ఏ పేజీ దాకా చదివింది, అర్థమైందా, భయపడిందా అని మీ ఇద్దరిలో ఒక్కరూ అడిగినట్టు లేదు. ఆ ప్రశ్న ఇప్పుడైనా అడగండి. క్లాసు పీకడానికి కాదు, నిజంగా తెలుసుకోవడానికి.

ఇంకో సంగతి కూడా ఆలోచించండి. పిల్ల ఆ పుస్తకాన్ని ఎందుకు తీసింది? ఇంట్లో చదవడానికి వేరే ఏమీ లేక కాదు కదా. అమ్మ ఇంత ముద్దుగా దాచుకునేవి, దుమ్ము దులిపి మళ్లీ వరుసలో పెట్టుకునేవి, వాటిలో ఏముందో చూద్దామనుకుంది. అంటే ఆ పిల్ల చెయ్యి పెట్టింది మీ ఇష్టం మీద. మీరు కసిరింది కూడా దాన్నే. చాలామంది తల్లులు పిల్లలు పుస్తకం ముట్టట్లేదని నాకు రాస్తారు, మీకేమో అడగకుండానే ఆ అదృష్టం వచ్చింది, దాన్ని అలమార తలుపు వేసి పంపేశారు.

క్షమించమని అడగండి. "నువ్వు అడగకుండా తీయకూడదు కానీ..." అని మొదలుపెట్టొద్దు, ఆ 'కానీ' వినగానే పిల్లలు మిగతాది వినరు. కేకలేయడం నాదే తప్పు అని ఒక్క మాట చాలు. ఆ తర్వాత ఏ రోజైనా తీరిగ్గా కూర్చోబెట్టి, లావు పేపర్‌బ్యాక్‌ని బల్లపరుపుగా తెరిస్తే జిగురు ఎలా చిట్లుతుందో, అందుకే వెన్ను మీద గీతలు ఎలా పడతాయో చూపించండి. హార్డ్‌కవర్ చదివేటప్పుడు అట్ట మీద చుట్టి ఉండే కాగితపు జాకెట్ తీసి పక్కన పెట్టడం, చదువుతున్న చోట పుస్తకాన్ని బోర్లించకుండా కాగితం ముక్క పెట్టుకోవడం, ఎండ పడే చోట ఉంచితే వెన్ను రంగు వెలిసిపోవడం, ఇవన్నీ మీకు ఎవరూ నేర్పకుండానే వచ్చాయా? దానికీ నేర్పండి. పదకొండేళ్ల పిల్లలకు ఇలాంటి పనితనం భలే నచ్చుతుంది.

దానికంటూ ఒక అర ఇవ్వండి, అందులో పుస్తకాలు ఎలా నలిగినా మీరు నోరెత్తకూడదు. మొదటగా ఏమివ్వాలంటే, అయిపోయిన సిరీస్ ఇవ్వండి, దయచేసి మీ ఎదురుచూపుల జబ్బు దానికి అంటించకండి. సి. ఎస్. లూయిస్ నార్నియా పుస్తకాలు ఏడూ 1950 నుంచి 1956 వరకు ఏడాదికొకటి చొప్పున వచ్చేశాయి, ఆ వయసుకు చక్కగా సరిపోతాయి. లేదా 1937లో అచ్చయిన టోల్కీన్ చిన్న హాబిట్ కథ. మీరూ పక్కన కూర్చుని చదివితే ఇంకా మంచిది.

ఇక మీ ఆయన. ఆయనన్న మాట మీకు గుచ్చుకుంది, నిజమే, అనకూడని మాటే. కానీ కోపంలో అన్న ఆ మాట వెనక ఆయనకు అంతకు ముందు నుంచీ ఉన్న బాధ వేరే అని నాకు అనిపిస్తోంది. ఖర్చు పెట్టడం కన్నా దాచిపెట్టడం మనిషిని ఎక్కువ కోస్తుంది. కార్డు బిల్లు చూసినప్పుడు ఆయన ముందు చూసింది అంకెలే అయ్యుండొచ్చు, తర్వాత మాత్రం "ఇది నాకు తెలియకుండా ఎప్పటి నుంచి జరుగుతోంది, ఇంకేమేం దాచింది" అనే ఆలోచన వచ్చి ఉంటుంది. పుస్తకాలు కొన్నందుకు మీరు సిగ్గుపడక్కర్లేదు. పార్శిళ్లు దారి మళ్లించినందుకు మాత్రం ఆయనకు సమాధానం చెప్పాల్సిందే.

ఎలా చెప్పాలంటే, మొత్తం ఒకేసారి చెప్పేయండి. ఇప్పటిదాకా ఎన్ని కొన్నారు, ఎంతయింది, ఇంకా రావాల్సిన ఆర్డర్లు ఏమున్నాయి, అన్నీ ఒక కాగితం మీద రాసి ముందు పెట్టండి. కొంచెం కొంచెంగా బయటపడితే ప్రతిసారీ కొత్త గొడవే, అప్పుడు మీరు నిజం చెప్పినా నమ్మడు. ఆ తర్వాత నెలకు ఇంత అని ఇద్దరూ కలిసి ఒక మొత్తం అనుకోండి, ఆయన ఇష్టాలకీ అంతే పక్కన పెట్టండి. ఆ డబ్బులో ఎవరేం కొన్నా రెండోవాళ్లు కిక్కురుమనకూడదు. డ్రాగన్ల కథలు ఆయనకు నచ్చాలని పట్టుబట్టకండి, అది జరిగే పని కాదు, అవసరమూ లేదు. నలుగురిలో వాటి మీద జోకులు వేయొద్దని మాత్రం గట్టిగా అడగండి, ఆ హక్కు మీకుంది.

ఒకవేళ ఆ కాగితం రాస్తుంటే మొత్తం చూసి మీకే గుండె జారిపోయినా, అప్పు చేసి కొన్నట్టు తేలినా, ఆపుదామనుకున్న నెలలో కూడా ఆపలేకపోయినట్టు కనిపించినా, అప్పుడు నేరుగా ఒక కౌన్సెలర్‌ని కలవండి. ఉత్తరం సరిపోదు.

ఇప్పుడు అసలు ఎదురుచూపు దగ్గరికి వద్దాం. మీరు గమనించారో లేదో, ఒకే వాక్యానికి అటూ ఇటూ రెండు ముక్కలు రాశారు. కొత్త భాగం రావట్లేదు, ఉన్న భాగాలనే వేరే ఎడిషన్లలో కొంటున్నాను. నా లెక్కలో ఆ రెండూ ఒకటే విషయం. కొత్త పుస్తకం పార్శిల్ విప్పేటప్పుడు ఉండే ఆ సంబరం మీకు ఇన్నేళ్లుగా దొరకలేదు, దాని బదులు పాత కథనే కొత్త జాకెట్‌లో తెప్పించుకుని విప్పుతున్నారు. అందుకే మూడు రకాలొచ్చినా తృప్తి లేదు. సేకరించడం మీద ఇష్టంతో కొనేవి వేరు, నాకు తెలిసినంతలో అలాంటివాళ్లు చాలా పట్టింపుగా ఉంటారు. మొదటి ముద్రణేనా అని ముద్రణ వివరాల పేజీలో అంకెల వరుస చూస్తారు, అందులో 1 లేకపోతే పక్కన పెట్టేస్తారు. లేదా సిరీస్ మధ్యలో ప్రచురణకర్త కవర్ డిజైన్ మార్చేస్తే, ఎత్తు కూడా కలవక వరుస ఎగుడుదిగుడుగా కనిపిస్తుంటే, ఒకే రకం సెట్టు దొరికేదాకా వెతుకుతారు. (ఆ మధ్యలో కవర్లు మార్చేవాళ్ల మీద నాకూ కోపమే, అది వేరే ఉత్తరం.) మీరు కొన్నవాటిలో ఏవి అలా కోరి కొన్నవో, ఏవి రాత్రి పదకొండింటికి వార్తేమీ దొరక్క నీరసంతో కొన్నవో మీకే తెలుస్తుంది. వేరు చేసి చూడండి.

రాత్రిపూట వెతకడం మానేయమంటే మీరు మానరు, కాబట్టి ఒక విషయం చెప్తాను. ఇంత పేరున్న సిరీస్‌లో పుస్తకం ఒక రాత్రిలో చడీచప్పుడు లేకుండా రాదు. మార్టిన్ ఐదో భాగానికి 2011 మార్చిలో తేదీ ప్రకటించారు, పుస్తకం జూలై 12న వచ్చింది. అంటే నాలుగు నెలల ముందే లోకమంతా తెలిసింది. మీరు నెలకొకసారి చూసుకున్నా చేజారేది ఏమీ ఉండదు. ఆన్‌లైన్ షాపుల్లో అప్పుడప్పుడు కనిపించే తేదీలను నమ్మకండి, ప్రీ ఆర్డర్ పేజీకి ఏదో ఒక తేదీ ఉండాలి కాబట్టి వేసినవి చాలా ఉంటాయి. రచయిత స్వయంగా చెప్పిన తేదీ కూడా ఒక్కోసారి ఆశే. ఇదే సిరీస్‌లో 2005లో వచ్చిన నాలుగో భాగం చివర, తర్వాతిది మరుసటి ఏడాదే వస్తుందని ఆశిస్తున్నట్టు ఆయనే రాశారు. ఆరేళ్లు పట్టింది. ఆయన అబద్ధం చెప్పారని నేననుకోను. ముందు భాగాల్లో అచ్చయిపోయినదాన్ని మార్చడానికి లేదు, డజన్ల కొద్దీ పాత్రలు తలో దిక్కున ఉన్నాయి, అన్నిటినీ ఒక చోటికి తేవాలి. ఎంత పడుతుందో రాస్తే గానీ రాసేవాడికీ తెలియదు.

అసలు రాకపోతే? మీరు ఆ మాట రాయలేదు గానీ వాక్యాల మధ్యలో ఉంది. రాకపోవచ్చు కూడా. రాబర్ట్ జోర్డాన్ 1990లో మొదలుపెట్టిన సిరీస్ పూర్తి కాకుండానే 2007లో పోయారు. ఆయన భార్యే ఆయన ఎడిటర్ కూడా, ఆమె బ్రాండన్ శాండర్సన్ అనే మరో రచయితను ఎంచుకుని, భర్త వదిలిన నోట్సు ఇచ్చి రాయించింది, ఒక్కటనుకున్న ఆఖరి పుస్తకం 2009, 2010, 2013లో మూడుగా వచ్చింది. అన్నిటికీ అలా జరగాలని లేదు. టోల్కీన్ హాబిట్ కథకు కొనసాగింపు అచ్చయి రావడం మొదలవడానికి 1954 దాకా, అంటే పదిహేడేళ్లు పట్టింది. సుసానా క్లార్క్ తొలి నవల 2004లో, రెండోది 2020లో, అది కొనసాగింపు కూడా కాదు, పూర్తిగా వేరే కథ. ఇవన్నీ మిమ్మల్ని ఊరుకోబెట్టడానికి చెప్పట్లేదు, ఈ లోపు మీరు వేరే కథలు చదివితే ఎవరికీ ద్రోహం చేసినట్టు కాదని చెప్పడానికి. మీ ఉత్తరమంతా చూశాను, ఈ మధ్య చదివిన కొత్త రచయిత పేరు ఒక్కటి లేదు. ఫాంటసీ అంటే ఇంత ఇష్టమున్న మనిషికి అదే నాకు లోటుగా అనిపించింది.

ఆ రచయితకు రాసిన మెయిల్ పంపకండి. ఆయన మీకు బాకీ ఉన్నది మీరు కొన్న పుస్తకం వరకే, అది ఇచ్చేశాడు. అయినా కోపంగా రాసిన ఉత్తరం చదివి ఎవరూ వేగంగా రాయలేదు. తీసేయడానికి మనసొప్పకపోతే ఉంచుకోండి, అందులో ఆ కథ గురించి మీకు నచ్చినవి కూడా తప్పకుండా ఉంటాయి, ఎప్పుడైనా ఆ ముక్క ఒక్కటీ పంపొచ్చు.

స్పెషల్ ఎడిషన్ సంగతి అడిగారు. ఆర్డర్లు ఆపేస్తామనేది మనల్ని ఆలోచించకుండా కొనిపించడానికే, అయినా కొన్నిసార్లు నిజంగానే ఆపేస్తారు, తర్వాత రెట్టింపు పెట్టినా దొరకవు. కాబట్టి కొనొద్దని నేననను. ముందు మీ ఆయనతో ఆ కాగితం పని అవనివ్వండి, ఒక వారం గడవనివ్వండి. అప్పటికీ కావాలనిపించి, ఇద్దరూ అనుకున్న మొత్తంలో సరిపోతే కొనుక్కోండి. సరిపోకపోతే మీ దగ్గరున్న మూడు మొదటి భాగాల్లో ఒకటి అమ్మేసి, ఆ డబ్బు దీనికి కలపండి, సేకరించేవాళ్లు మామూలుగా చేసే పనే. వెన్ను మీద గీతలు పడ్డది మాత్రం అమ్మకండి, ఎలాగూ ఎక్కువ రాదు, పైగా పాప పెద్దయ్యాక చదవడానికి అదే పనికొస్తుంది.