ఆకు పట్టుకొచ్చిన వాళ్లకు ఏం చెప్పాలి

నాన్నా,

మొక్కలు పెంచేవాళ్ల సొసైటీ నిన్ను మొక్కల సలహాదారుగా తీసుకున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం వేసింది. నేను ఇన్నేళ్లుగా చేస్తున్న పని ఇదే. వచ్చే నెల నుంచి ఆదివారాలు నువ్వూ ఆ ఉచిత సలహాల టేబుల్ దగ్గర కూర్చుంటావు కదా, నాకు తెలిసింది నీకు రాసి పెడుతున్నాను. ఇందులో చాలా వరకు తప్పు చేసి నేర్చుకున్నదే.

జనం ఆకు పట్టుకుని వస్తారు. ప్లాస్టిక్ కవర్లో ఒకే ఒక ఆకు. "ఇదేం తెగులండీ, ఏం మందు కొట్టాలి?" అంటారు. వెనక పది మంది నిలబడి ఉంటారు. తెగులు పేరు నీ నాలుక చివరే ఉంటుంది. అయినా చెప్పకు, ముందు అడుగు. కుండీలోనా, నేలలోనా? ఎండ ఎన్ని గంటలు పడుతుంది? బోరు నీళ్లా, నల్లా నీళ్లా? మొక్కను ఎప్పుడు, ఎక్కడ కొన్నారు? ఈ మధ్య ఏమైనా వేశారా, కొట్టారా? ఇవి అడిగేసరికి సగం సంగతి వాళ్ల నోటే బయటికొస్తుంది.

మొదట్లో నేను అలా అడిగేదాన్ని కాదు. ఒక ఏప్రిల్‌లో మల్కాజిగిరి నుంచి ఒకావిడ గులాబీ ఆకులు తెచ్చింది. ఆకు అడుగున సన్నటి గూడు, ఎర్రనల్లి. వేపనూనె లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్లు, కాస్త సబ్బునీళ్లు కలిపి కొట్టమన్నాను. మోతాదు సరైనదే. కానీ ఏ వేళప్పుడు కొట్టాలో చెప్పలేదు, ఆవిడకు ఏ వేళ వీలవుతుందో అడగలేదు. పాపం, మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి, మిద్దె మీద మండుటెండలో కొట్టింది. రెండు రోజుల్లో కుండీలన్నిటిలో ఆకులు మాడిపోయాయి. నన్ను ఒక్క మాట అనలేదు. అది ఇప్పటికీ నాకు బాధే. అప్పటి నుంచి ఏం చెప్పినా "పొద్దున ఎండ రాకముందు, లేదంటే సాయంత్రం" అని తప్పకుండా చెబుతాను, కాగితం మీద రాసిస్తాను.

నిజానికి ఎర్రనల్లికి ముందు చెప్పాల్సింది మందు కాదు, నీళ్లు. పైపు పెట్టి ఆకుల అడుగున గట్టిగా కొడుతూ ఉంటే చాలా వరకు తగ్గిపోతుంది. అది సాలీడు జాతి, ఎనిమిది కాళ్లుంటాయి. మామూలు పురుగుమందులు చాలా వాటికి అది చావదు, దాన్ని తిని బతికే మంచి పురుగులు చస్తాయి. "ఎంత మందు కొడితే అంత ఎక్కువవుతోందండీ" అని వచ్చేవాళ్లు అందుకే వస్తారు. వాళ్ల ముందే ఆకును తెల్లకాగితం మీద తట్టి చూపించు. కదిలే చుక్కలు వాళ్లు కళ్లారా చూస్తే నీ మాట నమ్ముతారు.

ఇక ఆకులు పసుపు రంగుకి రావడం. సగం మంది దీనికోసమే వస్తారు, వచ్చేలోపే యూరియా వేసేసి ఉంటారు. ఏ ఆకు అని అడుగు. అడుగున ఉన్న ముదురాకులు ముందు పసుపు పడితే నత్రజని తక్కువైందేమో చూడు. చివర లేతాకులు పసుపు పడి, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఇనుము అందకపోవడం. మట్టిలో ఇనుము లేక కాదు. మన ఊళ్లో బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పగా, సున్నం ఎక్కువగా ఉంటాయి. కుండీ అంచున తెల్లటి పొర కడుతుంది చూడు, అదే గుర్తు. ఆ మట్టిలో ఇనుము ఉన్నా వేరు తీసుకోలేదు. అక్కడ యూరియా ఎంత పోసినా ఏం లాభం? వాన నీళ్లు పట్టి పోయమను, మట్టి మార్చమను, అవసరమైతే ఐరన్ చిలేట్, అంటే వేరు తేలిగ్గా తీసుకునే రూపంలో ఉన్న ఇనుము ఇవ్వమను. మొక్క మొత్తం వేలాడిపోయి, మట్టి చిత్తడిగా ఉంటే మాత్రం నీళ్లు ఎక్కువై వేరు కుళ్లుతోంది. కుండీ కింద రంధ్రం పూడిపోయిందేమో వేలు పెట్టి చూడమను.

కడియం నర్సరీల నుంచి వచ్చిన మొక్కల గురించి తప్పకుండా అడుగు. వాటి వేళ్ల చుట్టూ బంకమట్టి ముద్ద ఉంటుంది. దాన్ని అలాగే మన ఎర్రమట్టిలో పెట్టేస్తే నీళ్లు పక్క నుంచి జారిపోతాయి, ముద్ద లోపల ఎండిపోయే ఉంటుంది. బకెట్ నీళ్లలో నానబెట్టి, పైపొర మెల్లగా వదులు చేసి నాటమను. ఈ ఒక్క మాటకే ఎంతమంది మళ్లీ వచ్చి థాంక్స్ చెప్పారో.

నువ్వు బాగా చదువుతావు, మంచిదే. కానీ చాలా పుస్తకాలు చలి దేశాల వాళ్లు రాసినవి. చలికాలం పోయాక గులాబీలు కత్తిరించమంటాయి. మనం మార్చిలో గట్టిగా కత్తిరిస్తే కొత్త చిగురు ఏప్రిల్ ఎండకు మాడిపోతుంది. ఇక్కడ వానలు తగ్గాక అక్టోబర్‌లో కత్తిరించాలి, దాదాపు నెలన్నరకు పూలొస్తాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఐఏఎస్ అధికారిగా పనిచేసిన ఎం.ఎస్. వీరరాఘవన్ గారు మన వేడికి తట్టుకునే గులాబీలు కావాలని మన దేశపు అడవి జాతులతోనే కొత్త రకాలు సృష్టించారు. అంతటి వాళ్లే మన నేలనీ మన ఎండనీ చూసి పని మొదలుపెట్టారు.

ఈ ఉచిత సలహా పద్ధతి ఎక్కడ పుట్టిందని మొన్న అడిగావు. అమెరికన్ రోజ్ సొసైటీ 1892 నాటిది. అందులో కన్సల్టింగ్ రోజేరియన్లని ఉంటారు. ఏళ్ల తరబడి గులాబీలు పెంచి, శిక్షణ తీసుకుని, పరీక్ష రాసి, అడిగినవాళ్లకు ఉచితంగా సాయం చేస్తారు. అక్కడి వాషింగ్టన్ రాష్ట్రంలో 1970ల మొదట్లో సియాటిల్ చుట్టుపక్కల ఇళ్లవాళ్ల ప్రశ్నలు ఎక్కువై, వ్యవసాయ విస్తరణ అధికారులు జవాబులు చెప్పలేకపోయారు. మామూలు జనానికే శిక్షణ ఇచ్చి, బదులుగా ఇన్ని గంటలు సేవ చెయ్యమన్నారు. మాస్టర్ గార్డెనర్ పద్ధతి అలా వచ్చింది. మన దగ్గర కూడా మిద్దె తోటలు పెరిగాయి, అడగడానికి మనిషి కావాలి. నీ పని అదే.

డబ్బు తీసుకోం కాబట్టి మన మాటకు విలువ ఎక్కువ. దాన్ని కాపాడుకో. ఏదో ఒక నర్సరీవాళ్లు "మా దగ్గరికి పంపండి, మీ మొక్కలు ఫ్రీ" అంటారు. వద్దను. మందు చెప్పాల్సి వస్తే కంపెనీ పేరు కాదు, అందులో ఉన్న మందు పేరు చెప్పు. ఎవరైనా మిద్దె మీది వంకాయలకు మోనోక్రోటోఫాస్ కొడుతున్నారని తెలిస్తే మొహమాటపడకు. కూరగాయల మీద దాన్ని వాడకూడదని నిషేధం ఉంది, పిల్లలు తినే కూర అది.

వాట్సాప్‌లో ఫొటోలు పంపుతారు. మూడు ఫొటోలు అడుగు: మొక్క మొత్తం, ఆకు అడుగు భాగం, కుండీ మట్టి. అర్థం కాకపోతే "నాకు తెలియదు, కనుక్కుని చెబుతాను" అను, చెప్పిన రోజుకి చెప్పు. ఒక నోట్‌బుక్ పెట్టుకో. తేదీ, పేట, మొక్క, నువ్వేం చెప్పావు, చివరికి ఏమైంది. ఆ చివరిది రాయడానికి నువ్వే వాళ్లకి ఫోన్ చెయ్యాలి.

ఒక్క సంగతి చెప్పి ఆపుతాను. సైనిక్‌పురి నుంచి ఒక పెద్దాయన వచ్చారు. గులాబీ ఏపుగా పెరుగుతోంది కానీ రెండేళ్లుగా ఒక్క పువ్వు లేదన్నారు. ఇంటికి వెళ్లి చూశాను. పైన అంటు కట్టిన గులాబీ ఎప్పుడో చచ్చిపోయింది, అడుగు నుంచి, ఆ అంటుకు ఆధారంగా ఉన్న మొక్క రెమ్మలే పెరిగాయి. అది చనిపోయిన వాళ్లావిడ నాటిన చెట్టు అని టీ తాగేటప్పుడు చెప్పారు. ముందే "ఇది పనికిరాదు, పీకేయండి" అనలేదు కదా అని నా ప్రాణం కుదుటపడింది. వేరు ఆవిడ నాటిందే, బతికే ఉంది. దాని మీదే కొత్త గులాబీ కన్ను అంటు కట్టొచ్చని చెప్పాను. ఏ రంగు అని అడిగితే, ఆవిడ నాటింది ఎర్రదన్నారు.

జనవరిలో కట్టాలి. నువ్వూ రా, కత్తి నీ చేతికిస్తాను.

మీ పెద్దమ్మ