గుండ్లకమ్మలో దిగబోయే మా చిట్టితల్లికి

చిట్టితల్లీ,

ప్రభువు నామంలో వందనాలు. నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి మూడు సంగతులు ఒక్క గుక్కలో చెప్పింది. నెలాఖరు ఆదివారం గుండ్లకమ్మలో బాప్తిస్మం తీసుకుంటున్నావని, ఆ సాయంత్రమే మీ ఆఫీసు గ్రూపులో అందరికీ చెప్పేస్తానన్నావని, హైదరాబాద్ తిరిగెళ్లాక హాస్టల్లో ప్రార్థన కూటం మొదలుపెట్టి శనివారాలు యూత్ వాళ్లతో కరపత్రాలు పంచడానికి వెళ్తానన్నావని. ఏడుస్తూ చెప్పింది. సంతోషమో భయమో దానికే తెలియలేదు, నాకూ అంతే. మోకాళ్లూని ప్రార్థిద్దామంటే ఈ కుడి మోకాలు ఒప్పుకోదు, మంచం మీదే కూర్చుని నీ పేరు ప్రభువు దగ్గర పెట్టి, ఇంక నిద్ర పట్టక లైటేసి ఇది రాస్తున్నాను. పొడుగైతే రెండు మూడు సార్లుగా చదువుకో.

ముందు చిన్న సంగతులు. తెల్ల బట్టలు తడిస్తే ఒంటికి అతుక్కుంటాయి, లోపల మందంగా ఉండేవి వేసుకో. జుట్టు గట్టిగా జడ వేసుకో. పాస్టరు గారు వెనక్కి వంచేటప్పుడు బిగుసుకుపోకుండా ఆయన చేతి మీద బరువు వదిలెయ్. పొద్దున్నే రెండు ఇడ్లీలు తిను, ఖాళీ కడుపుతో ఎండలో నిలబడితే కళ్లు తిరుగుతాయి. సాక్ష్యం కాగితం మీద రాసుకో, ఐదు నిమిషాలు చాలు.

ఇక అసలు సంగతి. "నాకెవరన్నా భయం లేదని పెద్దమ్మకి చెప్పు" అన్నావట. ఆ మాట వినగానే నా గుండె జారింది. పస్కా పండుగ రాత్రి శిష్యుడు పేతురు యేసు ప్రభువుతో అన్నదీ అదే కదా, అందరూ నిన్ను విడిచినా నేను విడవనని. కాసేపటికి మెలకువగా ఉండి ప్రార్థించమంటే నిద్రపోయాడు. మనుషులు పట్టుకోవడానికి వస్తే కత్తి దూశాడు. అంత తెగువ చూపించినవాడు, అదే రాత్రి చలిమంట దగ్గర ఒక పనిపిల్ల అడిగేసరికి ఆయనెవరో నాకు తెలియదన్నాడు. కత్తులొస్తే నిలబడ్డాడు, పనిపిల్ల దగ్గర పడిపోయాడు. నేనూ అలాంటి చోటే పడ్డాను తల్లీ. ఇది మీ అమ్మకి కూడా పూర్తిగా తెలియదు.

1984లో నాకు ఇరవై మూడేళ్లు. నర్సింగ్ ట్రైనింగ్ అయిపోయి గుంటూరులో ఒక నర్సింగ్ హోంలో చేరాను. అక్కడ హాస్టల్ లేదు, గది కోసం వారం రోజులు వీధులు తిరిగాను. ఒంటరి ఆడపిల్ల, పైగా నర్సు, రాత్రి డ్యూటీలు అనగానే చాలామంది గుమ్మంలోనే పంపేసేవాళ్లు. చివరికి అరండల్‌పేట వైపు ఒక సందులో పెంకుటింట్లో పక్క వాటా దొరికింది. ఇంటావిడ మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టి ఊరూ పేరూ అన్నీ అడిగి, చివర్లో "మీరేమిట్లమ్మా?" అంది. నేను నోరు తెరిచేలోగా తనే "నర్సువి కదా, క్రిస్టియన్సా?" అంది. ఆవిడ గొంతులో ఈసడింపేమీ లేదు, ఉప్పు సరిపోయిందా అన్నట్టే అడిగింది. నేను "కాదండీ" అన్నాను.

ఆ ఒక్క మాట నిలబెట్టుకోవడానికి రెండేళ్లు ఎన్ని వేషాలు వేశానో చెప్తే నీకు నా మీద గౌరవం పోతుందేమో, అయినా చెప్తాను. బైబిల్‌ని ట్రంకుపెట్టెలో దుప్పటి కింద పెట్టాను. ఆదివారం డ్యూటీ ఉందని చెప్పి యూనిఫాం వేసుకుని ఆరాధనకు వెళ్లేదాన్ని. క్రిస్మస్‌కి ఊరెళ్తూ, బాగున్న మా అమ్మకి జ్వరమని చెప్పాను. గిన్నెలు తోముతుంటే పాట నోటిదాకా వచ్చేది, మింగేదాన్ని.

1985 వేసవిలో నాన్న, అంటే మీ తాతయ్య, నన్ను చూడటానికి వచ్చారు. నీకు గుర్తున్న తాతయ్య మంచంలో ఉన్న ముసలాయన. నాకు తెలిసిన మనిషి సైకిల్ మీద పల్లె పల్లె తిరిగి వాక్యం చెప్పినవాడు. నన్ను బడిలో వేసేటప్పుడు హెడ్మాస్టరు మా మంచికే ఒక మాట చెప్పాడట, మతం దగ్గర హిందూ అని రాయిద్దాం, ఫీజులు, హాస్టలు, రేపు ఉద్యోగం అన్నీ కలిసొస్తాయని. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవులైతే ఎస్సీ హోదా ఉండదు కదా, ఇవాళ్టికీ మనది బీసీ-సీ, ఒక్క శాతం రిజర్వేషన్. నాన్న "క్రిస్టియన్ అనే రాయండి సార్" అన్నారు. ఆ ఒక్క మాటకి మా ఇంట్లో పిల్లలందరం ఎంత చెల్లించామో మీ అమ్మనడుగు. (హిందూ అని రాయించుకున్నవాళ్లని నేను తప్పు పట్టను, ఆకలి ఎలాంటిదో చూసినదాన్ని.)

అలాంటి మనిషి తెల్ల పంచె కట్టుకుని, ఒక చేతిలో మామిడికాయల సంచి, చంకలో నల్లట్ట బైబిల్‌తో సందులోకి వస్తున్నారు. నేను పరిగెత్తుకుంటూ ఎదురెళ్లాను. ప్రేమతో అనుకుని ఆయన నవ్వారు. "నాన్నా, ఆ బైబిల్ సంచిలో పెట్టండి, ఇంటివాళ్లకి చెప్పలేదు" అన్నాను. ఒక్క క్షణం నా వంక చూశారు. ఏమీ అడగలేదు. సంచి కింద పెట్టి, కాయలు ఒక పక్కకి జరిపి, భుజం మీది తువ్వాలు తీసి బైబిల్‌కి చుట్టి లోపల పెట్టారు. మళ్లీ కాయలు పైకి సర్దారు, అంచు కూడా కనబడకుండా. ఆ వంగిన వీపు నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

మధ్యాహ్నం ఇంటావిడ భోజనానికి పిలిచింది. విస్తరి ముందు కూర్చుని నాన్న నన్ను చూశారు, అడుగుతున్నట్టు. నేను తల దించుకున్నాను. వీధిలోకి వినబడేలా ప్రార్థన చేసే మనిషి, ఆ రోజు పెదాలు కదపకుండా కళ్లు మూసుకుని తెరిచారు, అంతే. బస్సెక్కేటప్పుడు తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది. తల మీద చెయ్యి పెట్టి "రాత్రి డ్యూటీ అయ్యాక ఒంటరిగా నడవకు" అని వెళ్లిపోయారు.

మరుసటేడు ఇల్లు ఖాళీ చేస్తూ ఇంటావిడకి చెప్పేశాను. "తెలుసమ్మా, మీ నాన్నగారు అన్నం ముందు కళ్లు మూసుకున్న రోజే తెలిసింది. నువ్వు దాచుకుంటున్నావని ఊరుకున్నాను. నాకైనా చెప్పొచ్చుగా" అంది. అలాగని నిజం చెబితే అందరూ ఆదరిస్తారని నీకు చెప్పను. ఆ తర్వాత తెనాలిలో అడిగినచోట నిజమే చెప్పాను, ఇచ్చిన అడ్వాన్సు తిరిగి చేతిలో పెట్టి పంపేశారు. సంచి ఒళ్లో పెట్టుకుని బస్టాండులో చాలాసేపు కూర్చున్నాను. ఏడుపు రాలేదు. రెండేళ్ల తర్వాత ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

నాన్నకి క్షమాపణ చెప్పడానికి మాత్రం పదకొండేళ్లు పట్టింది నాకు. ఆయన అప్పుడు పెరట్లో నులక మంచం అల్లుతున్నారు. అంతా విని, "పేతురుని ప్రభువు ఏమన్నాడమ్మా? ఒడ్డున నిప్పులు వేసి, చేపలు కాల్చి, రండి తినండన్నాడు. లే, అన్నం పెట్టు" అన్నారు. నాలో ఇప్పుడు ఏ కాస్త ధైర్యమున్నా అది ఆ పెరట్లో వచ్చిందే.

అందుకే అంటున్నాను, చిన్న ప్రశ్నకి నిజం చెప్పే అలవాటు లేకపోతే పెద్ద ప్రశ్న వచ్చినప్పుడు నోరు పెగలదు. ఆఫీసు గ్రూపులో పెద్ద మెసేజ్ వద్దు. సోమవారం ఎవరో ఒకరు వీకెండ్ ఏం చేశావని అడుగుతారు కదా, అప్పుడు చెప్పు, బాప్తిస్మం తీసుకున్నానని. ఆదివారం పని పడితే "ఊళ్లో పనుంది" అనకు, "ఆరాధన ఉంది, మధ్యాహ్నం నుంచి కూర్చుంటాను" అని మేనేజరుకి చెప్పు. క్యాంటీన్లో ప్లేటు ముందు కళ్లు మూసుకో, ఫోన్ చూస్తున్నట్టు నటించకు. ఎవరైనా నిజంగా తెలుసుకోవాలని అడిగితే చెప్పగలిగేంత చదువుకో, తెలియకపోతే తెలియదను. ఇవన్నీ చిన్నవిగా కనిపిస్తాయి నీకు. నేను ఓడిపోయింది ఇలాంటి వాటి దగ్గరే.

కరపత్రాల సంగతికొస్తే నాకు కోపమూ వస్తోంది, భయమూ వేస్తోంది. ఇప్పుడు ప్రతి చేతిలో ఫోనుంది, ఎవడు ఏది తీసి ఏది కత్తిరించి ఎక్కడ పెడతాడో తెలియదు. ఒంటరిగా వెళ్లొద్దు, ప్రభువే ఇద్దరిద్దరిని పంపాడు. పొద్దుగూకేలోపు గదికి చేరు, చేరగానే నాకు మెసేజ్ పెట్టు, ఇది మాత్రం మర్చిపోతే ఊరుకోను. ఎవరి దేవుణ్ణీ ఒక్క మాట అనకు. వద్దంటే "సరేనండీ" అని వచ్చెయ్. రాజ్యాంగం 25వ అధికరణ నీకిచ్చిన స్వేచ్ఛ ఆ వద్దన్న మనిషికీ ఉంది. ఆసుపత్రుల్లో మంచాల మధ్య తిరిగి ఇవ్వడం అసలే వద్దు. ముప్పై అయిదేళ్లు వార్డుల్లో పనిచేశాను, నొప్పితో పడుకున్న మనిషి లేచి వెళ్లలేడు తల్లీ, కాదనలేడు. నేను రోగుల కోసం లోపల ఎప్పుడూ ప్రార్థించేదాన్ని, బయటికి మాత్రం వాళ్లు అడిగితేనే.

నువ్వు ఎంచుకున్న ఆ ఏటికే ఒక కథ ఉంది, చిన్నప్పుడు విన్నావు కానీ సగమే విన్నావు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది అదే గుండ్లకమ్మలో బాప్తిస్మం తీసుకున్నారని అందరూ చెప్తారు. నీళ్లలో దిగి బాప్తిస్మం ఇచ్చింది తెలుగు బోధకులని చెప్పరు. అంతకు ముందు రెండేళ్లు ధాత కరువు, ధాత నామ సంవత్సరంలో మొదలైన పెద్ద కరువు. అప్పటి ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని పెట్టాడు. వాళ్లలో ఎందరో బాప్తిస్మం ఇమ్మని అడిగినా కరువు పని సాగినంత కాలం ఇవ్వలేదు, అన్నం కోసం కలిశారన్న మాట రాకూడదని. కరపత్రం చేతిలో పట్టుకున్నప్పుడు అది గుర్తుంచుకో. ఇంకొకటి, ఆ 2,222 మందిలో ఎక్కువమంది మాదిగ పల్లెలవాళ్లు, తడి బట్టలతో మళ్లీ ఆ ఊళ్లకే నడిచి వెళ్లారు. జాతరకి డప్పు కొట్టమంటే మేం కొట్టమని చెప్పాలి, ఆదివారం పనికి రామని చెప్పాలి, బావి దగ్గర నీళ్లు పొయ్యకపోతే ఓర్చుకోవాలి. వాళ్లకి ముందే తోళ్ల వ్యాపారానికి వెళ్లినచోట వాక్యం విని నమ్మిన ఎర్రగుంట్ల పేరయ్య ఇవన్నీ భరించాడు. మైకు లేదు, స్టేటస్ లేదు. చదువు కూడా లేదు చాలామందికి.

హాస్టల్లో కూటం పెట్టు, దానికి నేను అడ్డు చెప్పను. వార్డెన్ని ముందే అడుగు, పక్క గదుల నిద్ర చెడగొట్టకండి. ఎంతమంది వస్తారని లెక్క పెట్టకు. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలుకి ఒక మిషనరీని పంపమని కొండ మీద ప్రార్థించింది మిషనరీలు జువెట్ దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు, మొత్తం ఐదుగురు. అడిగిన మనిషి, ఆ క్లౌ దొర, ఒంగోలు వచ్చేసరికి 1866. పన్నెండేళ్లు. ఇద్దరు స్నేహితులు దొరికితే చాలు నీకు, నువ్వు భయపడ్డ రోజు దాచుకోకుండా చెప్పుకోగలిగేవాళ్లు. అపొస్తలుల కార్యాలు నాలుగో అధ్యాయం ఈ వారం ముగ్గురూ కలిసి చదవండి. అధికారులు బెదిరించి పంపించాక అపొస్తలులు వచ్చి తమవాళ్లతో కలిసి ప్రార్థించారు, బెదిరించేవాళ్లని తీసెయ్యమని అడగలేదు, ధైర్యంగా మాట్లాడే శక్తినిమ్మని అడిగారు. అంటే అప్పటికి వాళ్ల దగ్గర లేదనే కదా. పౌలంతటివాడే నా కోసం ప్రార్థించండి, ధైర్యంగా మాట్లాడాలి అని ఉత్తరం రాసి అడిగాడు. భయం లేదనకమ్మా. భయంగా ఉందని ప్రభువుకి చెప్పు, నాకు చెప్పు, ఏ అర్ధరాత్రయినా ఫోన్ చెయ్, నైట్ డ్యూటీల అలవాటు, రెండో రింగుకే ఎత్తుతాను.

మీ అమ్మ మీద విసుక్కోకు. అది నిన్ను ఆపాలని ఏడవలేదు. నీ పెళ్లి సంబంధాలు, నీ ఉద్యోగం, టీవీలో చూసిన వార్తలు అన్నీ ఒకేసారి దాని కళ్లముందు తిరిగాయి. బాప్తిస్మానికి ముందు రోజు రాత్రి దాని పక్కన పడుకో.

నేను శనివారం సాయంత్రానికి ఒంగోలు దిగుతాను, బస్టాండుకి మీ నాన్నని పంపు. ఏటి గట్టు దిగడానికి నాకు కర్ర కావాలి, ఇంట్లో తాతయ్యది ఉండాలి, మీ అమ్మని వెతికి పెట్టమను. పెద్ద టవలూ ఫ్లాస్కులో అల్లం టీ నేను తెస్తాను. నువ్వు నీళ్లలోంచి పైకి వచ్చేసరికి అంచునే ఉంటాను, ముందు నా దగ్గరికే రా.

నీ పెద్దమ్మ