బడికి కుక్కను తోడు పంపొచ్చా? మా పాప విషయంలో జరిగింది ఇదీ

అక్కా, మీ బాబుకు సెరిబ్రల్ పాల్సీ (మెదడు లోపం వల్ల కాళ్లూచేతులు అదుపులో ఉండని జబ్బు) అని, చిత్తూరులో సర్కారు బడిలో ఆరో తరగతి అని, పనులు నేర్పించిన ల్యాబ్రడార్‌ను తోడు పంపుతామంటే హెడ్మాస్టరు ఒప్పుకోలేదని రాసినారు. అమెరికాలో పంపుతారంట కదా, మనకు అట్లాంటి చట్టం లేదా అని అడిగినారు. మాది తిరుపతి. మా పాపకూ అదే జబ్బు. మూడేండ్ల కింద ఇదే మాట నేనూ విన్నాను.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం మొత్తం వెతికినా కుక్క అనే మాట కనపడదు. నేను మొదట అక్కడే చతికిలబడిపోయినాను. కానీ 16వ సెక్షను చదవండి. ప్రభుత్వ బడి అయినా, గుర్తింపు ఉన్న ప్రైవేటు బడి అయినా ఒక్కో బిడ్డ అవసరాన్ని బట్టి తగిన సదుపాయం చేయాల. బడి మోయలేనంత భారం కాకూడదు, అంతే. అందుకే అర్జీని ‘కుక్కను రానివ్వండి’ అని మొదలుపెట్టొద్దు. బాబు ఏ పని ఒంటిగా చేసుకోలేకపోతున్నాడో ముందు రాయండి.

మా పాపకు కుడిచెయ్యి పట్టు తప్పుతుంది. పెన్సిల్ కిందపడితే వంగి తీసుకోలేదు, పక్క పిల్లను అడగాల. రోజుకు పదిసార్లు అడిగి అడిగి, చివరికి అడగడమే మానేసింది. పెన్సిల్ నేల మీదే ఉండేది, ఈ బిడ్డ మాత్రం నోట్సు మీద చెయ్యి పెట్టుకుని రాస్తున్నట్టు కూర్చునేది. ఇంటికొచ్చినాక చూస్తే ప్రతి పాఠం సగం పేజీలో ఆగిపోయి ఉండేది. అర్జీలో నేను రాసింది ఆ సగం పేజీల గురించే. మా కుక్క రాణి పెన్సిల్‌ను నోటితో అందుకుని పాప ఒళ్లో పెడుతుంది. తలుపు తోస్తుంది.

అమెరికాలో వికలాంగుల చట్టం కింద చేసిన నిబంధనలే సర్వీస్ డాగ్‌ను, అంటే వైకల్యం ఉన్నవాళ్లకు సాయంగా పనులు నేర్పిన కుక్కను, పేరు పెట్టి చెప్పినాయి. అక్కడ సిబ్బంది రెండు ప్రశ్నలే అడగొచ్చు: వైకల్యం వల్ల అవసరమైన కుక్కేనా, ఏ పని నేర్పినారు. పక్కన ఉంటే పిల్లకు ధైర్యం అంటే చాలదు, నేర్పిన పని ఉండాల. దాని ఆలనాపాలనా బడి బాధ్యత కాదు. అంత చట్టం ఉండి కూడా, మిషిగన్‌లో ఇదే జబ్బున్న ఒక పాప కుక్క కోసం తల్లిదండ్రులు సుప్రీంకోర్టు దాకా పోవాల్సి వచ్చింది. 2017లో వచ్చిన ఆ తీర్పు కూడా కుక్కను రానివ్వమని చెప్పలేదు. ఫిర్యాదు చదువు లోపం మీద కాక వివక్ష మీద అయితే కోర్టుకు రాకముందు ప్రత్యేక విద్య చట్టంలోని మెట్లన్నీ ఎక్కనక్కర్లేదని చెప్పి, కేసును కింది కోర్టుకు తిప్పి పంపింది. కాబట్టి అక్కడి వాళ్లకు అన్నీ సాఫీగా జరుగుతాయని మనసు కష్టపెట్టుకోకండి.

మేము చేసిన తప్పు మీరు చేయొద్దు. బడి తెరిచిన రోజే రాణిని పట్టుకుని నేరుగా క్లాసులోకి పోయినాము. మూడో బెంచీలో ఒక పిల్లోడు గోడకు అతుక్కుని వణికిపోయినాడు. ముందటేడు వీధికుక్క వాడి పిక్క పట్టుకునిందంట. సాయంత్రం వాళ్లమ్మ మా ఇంటికొచ్చి, ‘నీ బిడ్డకేం కావాల్నో నీకు తెలుసు, మరి నా బిడ్డ సంగతేంది?’ అని అడిగింది. ఆమె మాటలో తప్పు లేదు. నా దగ్గర జవాబూ లేదు.

మరుసటి రోజు నుంచి రాణిని ఇంట్లోనే పెట్టినాము. వైకల్యం ఉందని ఇచ్చే సదరం సర్టిఫికెట్, డాక్టరు రాసిన కాగితం, వెటర్నరీ కాలేజీ ఆసుపత్రిలో వేయించిన రేబిస్ టీకా కార్డు జతచేసి హెడ్మాస్టరుకు అర్జీ ఇచ్చినాము, మండల విద్యాధికారి (ఎంఈవో)కి నకలు పంపినాము. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సర్కారు నడిపే భవిత కేంద్రం టీచరమ్మ ఇంటికొచ్చి రాణి పని కళ్లారా చూసింది. మాకు నిజంగా దారి చూపించింది ఆమే. ఒక శనివారం బడి వదిలినాక తల్లిదండ్రులను పిలిపించింది. పిలకాయలు బంతి ఎగరేస్తూ చుట్టూ పరిగెత్తినారు, రాణి బెంచీ కింద నుంచి లేవలేదు. పాపకు వెనక బెంచీలో తలుపు పక్కన చోటిచ్చినారు, ఆ పిల్లోడికి ముందు వరుసలో కిటికీ పక్కన. వాడు ఇప్పటికీ రాణి దగ్గరికి రాడు. రావాల్సిన పని కూడా లేదు.

రాణి పొద్దున పూట మాత్రమే ఉంటుంది. మధ్యాహ్న భోజనం గంట కొట్టకముందే మా మామగారు ఇంటికి తోలుకొస్తారు, అప్పటిదాకా ఆయన వరండాలోనే కూర్చుంటారు. ఆరో తరగతి బిడ్డ ఒక్కడే కుక్కను చూసుకుంటాడని మీరు బడికి మాటివ్వొద్దు, పెద్దవాళ్లు ఒకరు ఉండాల్సిందే. నడిపించుకుని పోతే దారిలో వీధికుక్కలు మీద పడతాయి, మేము ఆటోలో పంపుతాము. ఎండాకాలం అసలు పంపము. ఆ సిమెంటు నేల మీద దాని పాదాలు కాలిపోతాయి.

ఇప్పుడు మీకు ఇంకో మాట ఎదురు కావచ్చు. 2025 నవంబరులో సుప్రీంకోర్టు బడుల ఆవరణల నుంచి కుక్కలను తీసేయమనింది కదా అంటారు. ఆ ఉత్తర్వు వీధికుక్కల గురించి. మీది టీకా వేసిన, యజమాని ఉన్న కుక్క అని అర్జీలోనే రాసేయండి.

కాదంటే ఎందుకు కాదో రాసిమ్మని అడగండి. ఆ కాగితంతో సోమవారం కలెక్టరేటులో అర్జీ పెట్టొచ్చు, విభిన్న ప్రతిభావంతుల శాఖ ఏడీని (అసిస్టెంట్ డైరెక్టరును) కలవొచ్చు, ఆ పైన వికలాంగుల రాష్ట్ర కమిషనర్ ఉన్నారు. మేము అంత దూరం పోవాల్సిన అవసరం రాలేదు. హెడ్మాస్టరును కలిసే ముందు ఒక వారం పాటు, బాబు ఏ పని దగ్గర ఆగిపోతున్నాడో తేదీ వేసి రాసిపెట్టుకోండి.