గాదె తాళంచెవి వీధి గుమ్మానికా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. నాలుగెకరాల వరి, కొంత కొబ్బరి. ధాన్యం డబ్బు ఖాతాలో పడిన మూడో రోజున బ్యాంకు నుంచంటూ ఫోను వచ్చింది. కేవైసీ గడువు ముగిసిందంటే, వాట్సాప్‌లో పంపిన యాప్ వేసుకుని ఓటీపీ చెప్పాను. ఎఫ్‌డీ కూడా రద్దు చేసి మొత్తం 3,80,000 రూపాయలు లాగేశారు. పన్నెండు రోజులైంది. దాళ్వా పెట్టుబడికి తెలిసినవారు నూటికి మూడు రూపాయల వడ్డీకి 2 లక్షలు ఇస్తామంటున్నారు. 25,000 కడితే పోయిన డబ్బు రప్పిస్తామని ఇంకొకరు ఫోను చేశారు. ఏం చేయమంటారు?

జవాబు: 25,000 అడిగినవాడు మొదటివాడికి తమ్ముడనుకోండి. పైసా ఇవ్వకండి.

మీ ఉత్తరంలో 1930 ఊసే లేదు, అది సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు. గంటల్లో ఆ నంబరుకు చెబితే డబ్బు చేరిన ఖాతాలోనే దాన్ని నిలిపే వీలుంటుంది. ఇప్పుడు ఆశ తక్కువే, అయినా ఈరోజే ఫిర్యాదు చేయండి, బ్యాంకులోనూ రాసివ్వండి. 2017 నాటి రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ఓటీపీ మీరే చెబితే, బ్యాంకుకు తెలిపేదాకా పోయినదంతా మీ నష్టమే. తెలిపాక పోయేది బ్యాంకు భరించాలి.

ఇక అప్పు. నూటికి మూడంటే ఏడాదికి 36 శాతం, మీ 2 లక్షల మీద 72,000. వరి పండించి ఆ వడ్డీ కడతారా? పొలం మీ పేరున ఉంటే పంట రుణం అడగండి. 3 లక్షల వరకు సకాలంలో తీరిస్తే 4 శాతమే పడుతుంది.

నాకు అసలు కోపం తెప్పించింది ఎఫ్‌డీ సంగతి. అది మీ ఆపద నిధి. దాన్ని కూరగాయల బండి దగ్గర స్కాన్ చేసే ఫోనులోనే, అదే ఖాతా కింద ఉంచారు. నాకు రాసేవారిలో చాలామంది చేసేది ఇదే. ఆరు నెలల ఇంటి ఖర్చు, ఒక పంట పెట్టుబడి కలిపి మరో బ్యాంకులోనో పోస్టాఫీసులోనో వేయండి. దానికి యూపీఐ వద్దు, నెట్ బ్యాంకింగ్ వద్దు, ఏటీఎం కార్డూ వద్దు. ఇంట్లో మీటల ఫోను ఉంటే ఆ నంబరే ఇవ్వండి. డబ్బు కావాలంటే పాస్‌బుక్కు పట్టుకుని బస్సెక్కాలి, కౌంటరు దగ్గర నిలబడాలి. విసుగే, ఉండనివ్వండి. ఒక్కసారిగా నిండదు కనుక ప్రతి కొబ్బరి దింపులోనూ కొంత తీసి అందులో వేయండి.

ఆధార్ కాపీ కూడా పంపి ఉంటే వేలిముద్రలు లాక్ చేయించండి, మీ పేరున కొత్త అప్పులేమైనా పుట్టాయేమో క్రెడిట్ రిపోర్టులో చూడండి.

ఆ యాప్ ఇంకా మీ ఫోనులోనే ఉందా? అలాంటివి వచ్చే ప్రతి మెసేజీని అవతలివాడికి చేరవేయగలవు. వాడి మెసేజీలను వేరే ఫోనుతో ఫొటో తీసుకుని, మీ ఫోనును పూర్తిగా చెరిపించండి. అప్పటిదాకా 1930కి కూడా ఇంట్లో ఇంకొకరి ఫోను నుంచే చేయండి.