కార్వాల్యో నేల మీద జారకుండానే బంతి ఎలా లాక్కునేవాడు?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు పోర్చుగల్ ఫుట్‌బాల్ మాజీ సెంటర్ బ్యాక్ (గోల్ ముందు మధ్యలో కాపు కాసే డిఫెండర్) రికార్డో కార్వాల్యో గురించే. అందుకే అతనికే చోటు కేటాయించాం.

ప్రశ్న: మనిషి ఆరడుగులే, పరుగు కూడా మరీ మెరుపేమీ కాదు. పెద్ద పెద్ద స్ట్రైకర్లను ఎలా నిలువరించాడు? (హనుమకొండ పాఠకుడు)

జవాబు: అతని పని బంతి స్ట్రైకర్‌కు (గోల్ కొట్టే ముందు వరుస ఆటగాడికి) చేరకముందే మొదలయ్యేది. పాస్ ఇచ్చేవాడు తల దించి కాలు ఊపగానే కదిలేవాడు. స్ట్రైకర్ వీపుకు అతుక్కుని నిలబడేవాడు కాదు, గజం ఎడం ఉంచి ఒళ్ళు సగం పక్కకు తిప్పి నిలబడేవాడు. అలా ఉంటే కాళ్ళ దగ్గరికి వచ్చే పాస్‌ను ముందుకు దూకి అందుకోవచ్చు. తన వెనక ఖాళీలోకి వేసినా తిరగడానికి ఆలస్యం కాదు. రెండు పాదాలూ ఎదురుగా సమానంగా పెట్టిన డిఫెండర్ తిరిగేలోపు స్ట్రైకర్ దాటిపోతాడు.

ఇలా ఆడాలంటే పక్కన సరైన జోడీ కుదరాలి. ఇంగ్లండ్ క్లబ్ చెల్సీలో అది జాన్ టెర్రీ. ఎత్తు బంతికి టెర్రీ ఎగిరితే, తల తప్పిన బంతి కోసం కార్వాల్యో నాలుగడుగులు వెనక ఉండేవాడు. 2004-05 ప్రీమియర్ లీగ్‌లో చెల్సీ 38 మ్యాచ్‌లలో ఇచ్చిన గోల్స్ 15 మాత్రమే. గోల్‌లో పెటర్ చెక్, డిఫెన్స్ ముందు మిడ్‌ఫీల్డర్ మకెలెలె కూడా ఉన్నారు కాబట్టి ఆ ఘనతంతా ఒక్కడి ఖాతాలో రాయలేం. అయితే దానికి ముందే, కోచ్ మౌరిన్యో దగ్గర పోర్చుగల్ క్లబ్ పోర్టో తరఫున యూరప్ క్లబ్ టోర్నీలైన యూఈఎఫ్ఏ కప్‌ను 2003లో, చాంపియన్స్ లీగ్‌ను 2004లో గెలిచి వచ్చాడు. గెల్సెన్‌కిర్చెన్‌లో జరిగిన ఆ రెండో ఫైనల్లో మొనాకోకు ఒక్క గోల్ కూడా దక్కలేదు, స్కోరు 3-0.

ప్రశ్న: అతని ఆటలో లోపమే లేదా?

జవాబు: ఎందుకు లేదు! 2006 ప్రపంచకప్ సెమీఫైనల్ చూడండి. గోల్ ముందరి పెనాల్టీ బాక్స్‌లో ఫ్రాన్స్ స్ట్రైకర్ ఆన్రీ చటుక్కున మలుపు తిరిగాడు. కార్వాల్యో తూకం తప్పి పడిపోయాడు, చాచిన కాలు తగిలి ఆన్రీ కింద పడ్డాడు. పెనాల్టీని జిదాన్ గోల్ చేశాడు, ఫ్రాన్స్ 1-0తో గెలిచింది. బాక్స్‌లో ఒకసారి నేల మీద పడ్డాక డిఫెండర్ చేతిలో ఏమీ మిగలదు.

ప్రశ్న: 2005 చాంపియన్స్ లీగ్‌లో బార్సిలోనాపై టెర్రీ హెడర్ గోల్‌కు ముందు కార్వాల్యో గోల్ కీపర్‌ను పట్టుకున్నాడంటారు, నిజమేనా?

జవాబు: నిజమే. వాల్డెస్ చేయి పట్టి ఆపినట్టు రీప్లేలో కనిపిస్తుంది. మా లెక్కలో అది ఫౌల్. రెఫరీ కొలీనా ఇవ్వలేదు, చెల్సీ 4-2తో గెలిచి ముందుకు వెళ్ళింది.

ప్రశ్న: జాతీయ జట్టును మధ్యలో వదిలేసి ఎందుకు వెళ్ళాడు? యూరో 2016 (యూరప్ దేశాల కప్) పతకం ఎలా వచ్చింది? (విజయవాడ పాఠకురాలు)

జవాబు: అప్పటికి రియల్ మాడ్రిడ్‌లో ఉన్నాడు. 2011 ఆగస్టు చివర్లో, సైప్రస్‌తో మ్యాచ్‌కు మొదటి పదకొండు మందిలో తన పేరు లేదని తెలిసి చెప్పాపెట్టకుండా శిబిరం నుంచి వెళ్ళిపోయాడు. కోచ్ పౌలో బెంటో అతన్ని పారిపోయినవాడని అన్నాడు. సమాఖ్య ఏడాది నిషేధం వేసింది. కోపం ఎంత న్యాయమైనా వెళ్ళిన తీరు తప్పే, దాంతో యూరో 2012 పోయింది. 2014లో కొత్త కోచ్ ఫెర్నాండో సాంటోస్ మళ్ళీ పిలిచాడు. అప్పుడు మొనాకోకు ఆడుతున్నాడు.

యూరో 2016 నాటికి వయసు 38. గ్రూప్‌లో ఐస్‌లాండ్, ఆస్ట్రియా, హంగరీలతో మూడు మ్యాచ్‌లూ ఆడాడు. మూడూ డ్రా. హంగరీ చేతిలో మూడు గోల్స్ పడ్డాక నాకౌట్లలో అతని చోటు జోసె ఫోంట్‌కు ఇచ్చారు. కఠినమైనా సరైన నిర్ణయం. చివరికి పోర్చుగల్ కప్పు గెలవడంతో జట్టు సభ్యుడిగా అతనికీ పతకం దక్కింది. విచిత్రమేమిటంటే, యూరో 2004లో గ్రీస్ చేతిలో తొలి మ్యాచ్ ఓడాక సీనియర్ ఫెర్నాండో కౌటోను తప్పించి జట్టులోకి తెచ్చింది ఈ కార్వాల్యోనినే. ఆడిన మొత్తం అంతర్జాతీయ మ్యాచ్‌లు 89.

ప్రశ్న: మా అబ్బాయికి 14 ఏళ్ళు, సెంటర్ బ్యాక్. ఊరికే ఫౌల్స్ చేస్తాడు. ఏం సాధన చేయించాలి?

జవాబు: ముగ్గురు చాలు. పాస్ ఇచ్చేవాడు 15 మీటర్ల దూరంలో, స్ట్రైకర్ మధ్యలో, మీవాడు అతని వెనక గజం ఎడంలో. పది బంతులు ఒక విడత, రోజుకు మూడు విడతలు. పాస్ కాళ్ళకా, వెనక ఖాళీలోకా అన్నది ఇచ్చేవాడి ఇష్టం. ముందే అందుకుంటే 2 పాయింట్లు, స్ట్రైకర్‌ను గోల్ వైపు తిరగనివ్వకుండా ఆపితే 1, ఫౌల్ చేసినా కింద పడినా 2 కోత. పిల్లలు ఎక్కువగా చేసే తప్పు తొందరపడి దూకడం. పాస్ ఇచ్చేవాడి తల పైకి ఉండి, ఎవరూ అతన్ని అడ్డుకోకపోతే ఒకడుగు వెనక్కి. తల దించాక ముందుకు. స్ట్రైకర్ అప్పటికే తిరిగిపోయాడా, ఇక కాలు పెట్టొద్దు. గోల్‌కు అడ్డంగా ఉంటూ వెనక్కి తగ్గుతూ అతన్ని పక్క గీత వైపు నెట్టమనండి.