మేనకోడలికి, కోర్సులో చేరేముందు

శ్రీకాకుళం

అమ్మా,

నీకు లీడర్‌షిప్ ప్రోగ్రామ్‌లో సీటు వచ్చిందని మీ అమ్మ ఫోన్‌ చేసి చెప్పింది. శని, ఆదివారాలు ఆన్‌లైన్ క్లాసులు, మధ్యలో రెండుసార్లు విశాఖ దగ్గర గంభీరంలోని ఐఐఎం క్యాంపస్‌లో ఉండాలట కదా. చాలా సంతోషం. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఇలాంటివాటికి నేనూ వెళ్లాను, నా కింద పనిచేసినవాళ్లని పంపాను. కొందరు తిరిగొచ్చి షిఫ్ట్ నడిపే తీరే మార్చేశారు. కొందరు ఫోల్డరూ, టీషర్టూ పట్టుకొచ్చారు, అంతే. తెలివితేటల్లో వీళ్లూ వాళ్లూ సమానమే. మొదటివాళ్లు తమ పనిలోని చిక్కు ఒకటి వెంటబెట్టుకుని వెళ్లారు, రెండోవాళ్లు ఊరికే వెళ్లారు.

కాబట్టి ఇప్పుడే ఒకటి ఎంచుకో. చివర్లో ఎలాగూ ప్రాజెక్ట్ అడుగుతారు. చాలామంది ఆఖరి నెలలో మేలుకుని స్లయిడ్లు అతికిస్తారు. ‘కంపెనీ కల్చర్ మార్చడం’ లాంటి పెద్ద పేర్లు వద్దు. నీ కళ్లముందు రోజూ జరిగేది చూడు. రాత్రి పదింటికి బి షిఫ్ట్ దిగి సి షిఫ్ట్ ఎక్కే ఆ పావుగంటే తీసుకో. బయట కంపెనీ బస్సు హారన్ కొడుతుంటుంది. లాగ్‌బుక్‌లో ‘నార్మల్’ అని గీకి సంతకం పెట్టేస్తారు. మందు తయారయ్యే రియాక్టర్‌లో టెంపరేచర్ కాస్త ఎక్కువ చూపిస్తోందన్న అసలు ముక్క మాత్రం గౌను విప్పుకుంటూ నోటిమాటగా చెబుతారు. అవతలివాడు విన్నాడో లేదో దేవుడికెరుక. పైడిభీమవరంలో ఏ మందుల ప్లాంటుకెళ్లినా ఇదే తంతు.

ఆ పావుగంటని దారిలో పెట్టడమే నీ ప్రాజెక్ట్ అనుకో. అప్పుడు ఫీడ్‌బ్యాక్ ఎలా ఇవ్వాలి, పని ఎలా అప్పగించాలి, మాట వినని సీనియర్ ఆపరేటర్‌ని ఎలా దారికి తెచ్చుకోవాలి అని వాళ్లు ఏ పాఠం చెప్పినా, ఈ రాత్రి పదింటికే వాడి చూడొచ్చు. ఒక్క జాగ్రత్త. లాగ్‌బుక్ ఫార్మాట్‌లో చిన్న గడి చేర్చాలన్నా నాణ్యత చూసే క్యూఏ విభాగం దగ్గర ఛేంజ్ కంట్రోల్, అంటే మార్పుకి అనుమతి కాగితం, పెట్టాల్సిందే, అది తెమలడానికి ఎంత టైము పడుతుందో నీకు తెలుసు. మొదటి నెలలోనే కదుపు.

మీ ప్లాంట్ హెడ్‌తో కూడా ముందే మాట్లాడు. ‘వెళ్లు, చూద్దాంలే’ అనే నోటిమాట ఆడిట్ దగ్గరపడగానే ఎగిరిపోతుంది. క్లాసులున్న వారాల్లో శని, ఆదివారాలు నీకు షిఫ్ట్ వెయ్యరని మెయిల్‌లో రాయించుకో. ఆ రోజుల్లో నీ బదులు ఎవరు చూస్తారో పేరుతో సహా నువ్వే చెప్పు. అలా చెబితే కాదనడం ఆయనకీ కష్టం.

క్యాంపస్ రోజులు ఎలాగోలా గడిచిపోతాయి. హైబ్రిడ్ కోర్సులో మనిషి జారిపోయేది ఇంట్లోనే. గదిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నావంటే మనవాళ్ల లెక్కలో నువ్వు ఖాళీగా ఉన్నట్టే. ‘ఏటమ్మా, ఉద్యోగం వచ్చీసినాక మళ్లీ చదువేటి?’ అనే చుట్టాలుంటారు, మాఘమాసం పెళ్లిళ్లుంటాయి. క్లాసుల తేదీలు ఇప్పుడే మీ ఆయన ముందూ అత్తగారి ముందూ పెట్టు. ఆ రెండు రోజులూ బాబుని ఎవరు చూసుకుంటారో అప్పుడే తేలిపోవాలి. హాజరు తగ్గితే సర్టిఫికెట్ ఆపేసే కోర్సులే ఎక్కువ, రూల్స్ చదువుకో. రికార్డింగ్ ఉంది కదా, తర్వాత చూద్దాం అనుకున్నవాళ్లు చూసింది నేనెప్పుడూ ఎరగను. కెమెరా ఆన్‌లో పెట్టు. కరెంటు పోతే వైఫై కూడా పోతుంది, ఫోన్ హాట్‌స్పాట్ సిద్ధంగా ఉంచుకో.

గంభీరం మీకు హైవే మీద దగ్గరే కదా అని రాత్రికి ఇంటికి వచ్చేస్తానంటావేమో, రావద్దు. అసలు సరుకు భోజనాల దగ్గరే దొరుకుతుంది. స్టీల్ వాడు, పోర్టు వాడు, బ్యాంకు వాడు ఒకే బల్ల దగ్గర కూర్చుని తమ తలనొప్పులు చెప్పుకుంటుంటే, మందుల ఫ్యాక్టరీలో తెగని ముడి పోర్టువాళ్లు ఎప్పుడో విప్పేశారని తెలుస్తుంది. మర్నాటి కేస్ స్టడీ, అంటే ఏదో కంపెనీకి ఎదురైన చిక్కు కథ, దాని మీద గ్రూపు వాదించుకునేది కూడా రాత్రిపూటే. అన్నట్టు, ఇంగ్లీషు గురించి టెన్షన్ పడకు. కేస్ స్టడీకి ఒకే సరైన జవాబంటూ ఉండదు. ముందు రాత్రి శ్రద్ధగా చదువుకుని, మొదటి పది నిమిషాల్లోనే ఒక మాట అనెయ్యి. ఆలస్యమైనకొద్దీ నోరు పెగలదు.

360 డిగ్రీ ఫీడ్‌బ్యాక్ ఉంటుంది. బాసు, తోటివాళ్లు, కిందివాళ్లు నీ గురించి రాస్తారు. బాసు మాట విడిగా కనిపిస్తుంది, మిగతావాళ్లవి సాధారణంగా పేర్లు లేకుండా కలిపి ఇస్తారు. పేర్లు ఇమ్మన్నప్పుడు నీతో టీ తాగేవాళ్లనే ఇవ్వకు, నీతో గొడవపడ్డ మెయింటెనెన్స్ అతన్నీ చేర్చు. 1955లో లఫ్ట్, ఇంగమ్ అనే ఇద్దరు అమెరికన్లు గీసిన జోహారి విండో అని ఒకటి చూపిస్తారు. అందులో ఒక గడి, నీ గురించి ఊరందరికీ తెలిసి నీకు మాత్రం తెలియనిది. రిపోర్టు చదివేది ఆ గడి కోసమే. ఆ మాట ఎవరు రాశారో పట్టుకోవాలని మాత్రం చూడకు. కూపీ లాగుతున్నావని తెలిస్తే, మళ్లీ ఎవరూ నీకు నిజం చెప్పరు.

ఇది డిగ్రీ కాదు, ఎంబీఏతో సమానమూ కాదు. సర్టిఫికెట్ చేతికి రాగానే ప్రమోషన్ వస్తుందని ఇంట్లో ఎవరికీ చెప్పకు.

ఫీజు కంపెనీయే కడుతోందంటున్నావు. లేకపోతే పైన 18 శాతం జీఎస్టీ కూడా లెక్కేసుకోమనేవాణ్ణి. అయితే కంపెనీ కడితే బాండ్ అడుగుతుంది. ఎన్నాళ్లు ఉండాలి, మధ్యలో మానేస్తే మొత్తం కట్టాలా లేక పనిచేసిన కాలం మినహాయిస్తారా, వాళ్లే నిన్ను వేరే యూనిట్‌కి బదిలీ చేస్తే ఏమిటి, ఈ మూడూ అందులో రాసి ఉండాలి. సంతకం పెట్టేముందు ఆ కాగితం ఫొటో తీసి నాకు వాట్సాప్‌లో పంపు. రాత్రి తొమ్మిది దాటితే మాత్రం చూడను, పొద్దున్నే ఫోన్ చేస్తాను.

మీ మామయ్య